వెలిసిన గోడల కోసం

ఆదివారం పొద్దున నాచారంలో ఇల్లు దాటేటప్పటికే గిరిధర్ కళ్ళ ముందు సినిమా మొత్తం ఆడుతోంది. కెమెరామన్‌గా అతనికిది మొదటి సినిమా. ఓ గుమాస్తా కష్టాల కథ. గోడలన్నీ వెలిసి, పెచ్చులూడి, నీరెండలో దిగులుగా కనబడాలని తీర్మానించుకున్నాడు. అలాంటి సందు ఉప్పల్లో దొరికింది. కాలనీవాళ్ళకు షూటింగు సంగతి ప్రొడక్షన్ మేనేజరు చెప్పి ఉంటాడని గిరిధర్, గిరిధర్ చెప్పి ఉంటాడని మేనేజరు అనుకున్నారు.

ఏ గోడ ఎంతవరకు తెరమీద కనబడాలో ఎర్రసుద్దతో గీతలు గీసుకుంటూ పోతుంటే, రిటైరైన టీచరు త్రిపురసుందరమ్మ గేటు తీసుకుని వచ్చింది.

"ఏంది బాబూ, మా గోడకు గీ గీతలేంది?"

"మీ ఇల్లు ఇక్కడిదాకే ఉంటుందమ్మా. మిగతాది కట్," అన్నాడు గిరిధర్, ఒంటికన్ను మూసి వేళ్ళ సందులోంచి చూస్తూ.

"అయ్యో! ఎవరు జెప్పిన్రు?"

"డైరెక్టర్ గారు ఓకే చేసేశారు. వచ్చేవారమే మొదలు."

"మరి ఎదురింటికి గీయలేదేంది?"

"అది కొత్తగా మెరిసిపోతోంది కదమ్మా. మాకు పాతబడ్డవే కావాలి."

అతను వెళ్ళగానే ఆమె కాలనీ ప్రెసిడెంటు చంద్రశేఖర్ ఇంటికి పరుగెత్తింది. "అన్నా, రోడ్డు వెడల్పు జేస్తరంట! నా ఇల్లు సగం కొట్టేస్తరంట!"

నోళ్ళు మారి మధ్యాహ్నానికి ఆ సగమిల్లు పూర్తి ఇల్లయింది. సాయంత్రానికి సందంతా పోయింది. రైల్వేలో రిటైరైన చంద్రశేఖర్ మాత్రం ధైర్యం వదల్లేదు.

"కొత్త ఇండ్లను ముట్టరంట గదా? మనయి గూడ కొత్తగ జేద్దాం!"

మల్లాపూర్ నుంచి పెయింటర్లు దిగారు.

శనివారం డైరెక్టర్ హృషికేశ్‌ను వెంటబెట్టుకొచ్చిన గిరిధర్ సందు మలుపులోనే ఆగిపోయాడు. చిలకపచ్చ, పసుపు, గులాబీ. త్రిపురసుందరమ్మ ఇల్లయితే నెమలికంఠం రంగు.

"నువ్వు చెప్పిన దిగులు ఇదేనా?" అన్నాడు హృషికేశ్.

అంతలో జనం చుట్టుముట్టారు. "గీతలు గీసినోడు గీయనే!" అని గిరిధర్‌ను చూపించి అరిచింది త్రిపురసుందరమ్మ.

"మేం సినిమావాళ్ళమండీ!" అన్నాడు గిరిధర్ బెదిరిపోయి.

అందరూ నోళ్ళు తెరిచారు. త్రిపురసుందరమ్మ మెట్టుమీద కూలబడింది. "అయితే నా ఇల్లు ఉంటదా?"

"ఉంటుందమ్మా," అన్నాడు గిరిధర్. ఆమె కళ్ళు తుడుచుకుంటుంటే అతనికి తల కొట్టేసినట్టయింది. అయినా ఆశ చావక, "పైపైన కాస్త మసి పూసుకుంటే..." అని గొణిగాడు.

ఆమె గబుక్కున లేచింది. "మసా? సూడు బిడ్డా, నా ఇల్లు తీస్తే గిట్లనే దియ్యాలె. లేకుంటే నడువు!"

సోమవారమే షూటింగు. వేరే సందు లేదు. హృషికేశ్ నెత్తి పట్టుకుని, "కానీయ్," అన్నాడు.

సినిమా ఆడింది. కష్టాల కథను ఇంత రంగులమయంగా చూపడం అపూర్వమని విమర్శకులు రాశారు. ఆ ఆలోచన ఎలా వచ్చిందని టీవీవాళ్ళు అడిగారు.

గిరిధర్ గడ్డం నిమురుకుని, "కథ వినగానే అనుకున్నానండీ, వెలిసిన గోడలు మాత్రం వద్దని," అన్నాడు.