మెడ నొప్పికి ప్రత్యర్థి సంతకం

ప్రజల బాధలన్నిటినీ కొలిచి, తూచి, నిజమైనవాటికి మాత్రమే ముద్ర వేయడానికి అవతరించిన మహత్తర సంస్థ బాధల నిర్ధారణ కార్యాలయం. అందులో నాలుగో కిటికీ వృత్తి గాయాలది. (మొదటి మూడూ ఏ కిటికీకి వెళ్లాలో చెప్పే కిటికీలు.)

ఒక మంగళవారం ఉదయం ఆ కిటికీ ముందుకు, బరిలో పిడుగు అని పేరున్న వస్తాదు భార్యతో వచ్చాడు. ఇరవై రెండేళ్లు కుస్తీ ప్రదర్శనల్లో జనం కోసం ఎగిరి, పడి, లేచిన మనిషి. ఇప్పుడు మెడ తిరగదు. పక్కనున్న భార్యతో మాట్లాడాలంటే మనిషి మొత్తం తిరగాలి. ఎడమ చేతికి టీ గ్లాసు ఇస్తే జారిపోతుంది. ఆపరేషన్‌కు అనుమతి కావాలి.

గుమాస్తా దరఖాస్తు చదివి కళ్లజోడు సర్దుకున్నాడు.

"మీ కుస్తీలో ఎవరు గెలవాలో ముందే అనుకుంటారట కదా?"

"అవునండీ."

"ఎవరు పడాలో కూడానా?"

"అదీ అనుకునేదే."

"మరి అనుకుని పడితే ప్రమాదం ఎలా అవుతుందండీ?"

"నేలతో ఎవరూ అనుకోలేదండీ," అంది భార్య.

గుమాస్తా నొచ్చుకోకుండా పదకొండో నిబంధన చదివి వినిపించాడు. తెలిసి పడితే అది ఉద్యోగ ధర్మం. తెలియక పడితే క్రమశిక్షణారాహిత్యం. రెంటికీ వైద్యం లేదు. అయితే ప్రభువుల దయవల్ల ఒక ఉపనిబంధన ఉంది: కొట్టినవాడు స్వయంగా వచ్చి, "నేనే కొట్టాను" అని సంతకం చేస్తే పరిశీలిస్తారు.

కొట్టినవాడి పేరు కొండచిలువ. బరిలో పిడుగుకు బద్ధశత్రువు, బయట ప్రాణస్నేహితుడు. (ఈ రెండో సంగతి ప్రేక్షకులకు తెలియకూడదని ప్రదర్శనలు నడిపే కంపెనీవారు ఇద్దర్నీ ఏనాడూ ఒకే బస్సు ఎక్కనివ్వలేదు. పిడుగు పెళ్లికి కొండచిలువ వంటగది గుమ్మంలోంచి వచ్చి, అక్కడే భోంచేసి వెళ్లాడు.)

ఆ సాయంత్రమే పిడుగు భార్య కొండచిలువ ఇంటికి వెళ్లింది. తలుపు తీసింది కొండచిలువే.

"బాగున్నావా అన్నయ్యా?"

"బాగున్నానమ్మా. ఇంతకీ నువ్వెవరు తల్లీ?"

వెనక నుంచి కూతురు పరుగున వచ్చింది. "లోపలికి రండత్తయ్యా. తలకి తగిలిన దెబ్బలు... పొద్దున నాన్న నన్నూ ఎవరని అడిగారు."

అయినా మర్నాడు నలుగురూ వెళ్లారు. గుమాస్తా పిడుగును చూపించి, "ఈయన్ని మీరు కొట్టారా?" అని అడిగాడు.

కొండచిలువ పిడుగును ఎగాదిగా చూశాడు. "ఈయన్నా? ఛఛ, నేనెందుకు కొడతానండీ? చూస్తే మంచివాడిలా ఉన్నాడు."

గుమాస్తా కలం తీశాడు. పిడుగుకు ఆపరేషన్ సంగతి మనసులోంచి పోయింది. తనను మరిచిపోయాడన్నదే మిగిలింది. వెళ్లి స్నేహితుడి ఎదురుగా నిలబడి, వంగి, బరిలో పట్టుకు దొరికినట్టే అతని చంక కింద తల పెట్టాడు.

"ఏవండీ, మెడ!" అని భార్య కేక వేసింది.

కొండచిలువ చేయి తనంతట తనే వచ్చి పిడుగు మెడను చుట్టుకుంది. అతను వంగి, జనానికి వినపడకుండా ఇన్నేళ్లూ అడిగినట్టే చెవిలో అడిగాడు.

"సిద్ధమేనా రా?"

"సిద్ధమే రా."

కొండచిలువ ఒక్క గర్జన గర్జించాడు. కిటికీ అద్దాలు అదిరాయి. తర్వాత పిడుగును నడుం పట్టుకుని, నిద్రపోయిన పసిబిడ్డను పక్క మీద వేసినట్టు నేల మీదికి దించాడు. మెడ కింద పెట్టిన అరచెయ్యి అన్నిటికంటే చివర తీశాడు.

"నొప్పెట్టిందా?"

"లేదురా," అన్నాడు పిడుగు, కళ్లు తుడుచుకోకుండా.

వరుసలో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. గుమాస్తా కూడా లేచి నిలబడి కొట్టాడు. తర్వాత కూర్చుని రాశాడు:

"దరఖాస్తు తిరస్కరించడమైనది. కారణం: ప్రత్యర్థి దరఖాస్తుదారుణ్ణి అత్యంత జాగ్రత్తగా పడవేస్తాడని కార్యాలయ సమక్షంలో రుజువైంది. సమ్మతమైతే కింద సంతకం చేయవలెను."

పిడుగు రెండుసార్లు చదివాడు. "ఇందులో అబద్ధమేమీ లేదు," అని సంతకం పెట్టాడు.