నాకేమీ తెలియదని ధ్రువపత్రం

మానవజాతి నిర్మించిన వ్యవస్థలన్నిటిలోకీ అంతర్జాతీయ పాండిత్య బహుమతి మహోన్నతమైనదని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను. (ప్రకటించే అధికారం నాకు లేదు. నేను చరిత్ర శాఖలో గుమాస్తాను. కానీ దాని దరఖాస్తు నింపింది నేనే కాబట్టి నాకున్నంత అనుభవం గ్రహీతలకు కూడా ఉండదు.)

మా శాఖ అంటే ఒక గది, మూడు బీరువాలు, ఒక ప్రొఫెసర్ మేడమ్, నేను. పాత దరఖాస్తుల మార్జిన్లలో జనం ఏం రాసుకున్నారో మేడమ్ ఇరవై రెండేళ్లుగా చదువుతున్నారు. గళ్లలో పట్టని తన గోడునంతా మనిషి పక్కన రాస్తాడని ఆవిడ సిద్ధాంతం. దాని మీద ఆరువందల పన్నెండు పేజీల పుస్తకం కూడా రాశారు. అచ్చుతప్పులు దిద్దినవాణ్ణి కనుక నేను చదివాను. ఇంకెవరైనా చదివినట్టు రుజువుల్లేవు.

ఒకరోజు డీన్ గారు వచ్చి, గదిని అడుగులతో కొలిచారు.

“చూడవయ్యా, స్నాతకోత్సవం కుర్చీలు పెట్టుకోడానికి చోటు లేదు. మీ మేడమ్‌కి ఆ పెద్ద బహుమతేదో వస్తే సరే. రాకపోతే శాఖ ఎత్తేసి కుర్చీలు దింపించేస్తా.”

పంతొమ్మిదేళ్లుగా ఆ కిటికీ పక్క బల్లే నా లోకం. పైగా నేను టైపు చేసిన ఉత్తరం చదివి “బాగా రాశారండీ” అనే మనిషి ఆ భవనంలో మేడమ్ ఒక్కరే.

వెంటనే నిబంధనల పుస్తకం తెప్పించాను. ఎనభై నాలుగు పేజీలు. పదకొండో నిబంధన ప్రకారం, తన పేరు ప్రతిపాదించిన సంగతి పండితుడికి తెలియకూడదు. తెలిస్తే అనర్హత. పన్నెండో నిబంధన ప్రకారం, తనకేమీ తెలియదని ఆ పండితుడే ధ్రువపత్రం మీద సంతకం చేయాలి. (ఇద్దరు సాక్షులు కావాలి. వాళ్లకూ తాము దేనికి సాక్షులో తెలియకూడదు. మా భవనంలో ఇదొక్కటే సులువుగా దొరికింది.)

ఇదెలా కుదురుతుందని బహుమతి సంఘపు రహస్య పరిరక్షణాధికారికి రాశాను. మూడు వారాలకు జవాబొచ్చింది: “మీ ప్రశ్న రహస్య విషయానికి సంబంధించినది. కనుక చదవలేదు.”

సరే, పనిలోకి దిగాను. ఆలోచనలో ఉన్నట్టు ఫొటో కావాలన్నారు. మేడమ్ కళ్లజోడు దాచిపెట్టి, దాని కోసం వెతుకుతుండగా తీశాను. వేదిక మెట్లు మూడూ ఎక్కగలరని రుజువు కావాలన్నారు. బీరువా మీది కట్ట తీసిమ్మని నిచ్చెన వేయించి, పక్కన నిలబడి లెక్కపెట్టాను. నాలుగు ఎక్కారు. ఎక్కువైతే మళ్లీ ఏం అభ్యంతరమోనని మూడే రాశాను.

ఇక మిగిలింది ధ్రువపత్రం. మామూలుగా అయితే ఇదొక సమస్యే కాదు. మా దగ్గర పెద్దలు సంతకం ఎక్కడ పెట్టాలో అడుగుతారు గానీ ఎందుకో అడగరు. ఓసారి డీన్ గారు నాకు డాక్టరేటు ఇవ్వాలని సిఫార్సు చేసేశారు. పొరపాటున కట్టలో కలిసిన కాగితమది. నేనే సిగ్గుపడి చించేశాను.

ఆ ధైర్యంతోనే గడువు చివరి రోజున ధ్రువపత్రాన్ని సెలవు చీటీల మధ్యలో దూర్చి మేడమ్ ముందు పెట్టాను. ఇరవై రెండేళ్లుగా కాగితాల అంచులు చదవడమే వృత్తిగా పెట్టుకున్న మనిషి ముందు! నా తెలివి అలా తెల్లారింది.

నాలుగో కాగితం దగ్గర మేడమ్ ఆగారు.

“ఏమిటండీ ఇది?”

“ఏమీ లేదు మేడమ్. మీకు తెలియకూడనిది.”

“తెలిసిపోయిందిగా.”

“తెలియనట్టు సంతకం పెట్టేయండి మేడమ్, మీకు పుణ్యముంటుంది. గది పోతుంది, బీరువాలు పోతాయి, నేనూ పోతాను.”

ఆవిడ నవ్వి, కలం తీసి, మార్జిన్‌లో రాశారు: “చదవకముందు నాకు తెలియదు. చదివాక తెలిసింది. చదవకుండా సంతకం పెడితే నేను పండితురాలిని కాను, చదివి పెడితే నిజాయితీపరురాలిని కాను. కనుక నిజం ఇక్కడ రాసి, సంతకం కింద పెడుతున్నాను.”

వేరే ప్రతి లేదు. తపాలా వేళ మించిపోతోంది. తిట్టుకుంటూనే పంపించాను. మర్నాటి నుంచి డీన్ గారి మనుషులు వరండాలో కుర్చీలు పేర్చడం మొదలుపెట్టారు.

ఆరు నెలలకు బహుమతి వచ్చింది!

ఎగిరి గంతేశాను. (ఉద్యోగ నియమాలకు విరుద్ధమే, ఒప్పుకుంటున్నాను.) డీన్ గారు కుర్చీలన్నీ అభినందన సభలో వేయించి, ఈ శాఖను మొదటి నుంచీ కంటికి రెప్పలా కాపాడుకొచ్చానని ప్రసంగించారు. మేడమ్ నిజంగానే మూడు మెట్లెక్కి వెళ్లి శాలువా కప్పించుకున్నారు.

సభయ్యాక గదిలో కూర్చుని ప్రశంసాపత్రం చదువుకున్నాం. నాలుగు పేజీలు. మూడున్నర పేజీలు ఆ మార్జిన్ వాక్యాల గురించే. ఇంత క్లుప్తంగా, ఇంత లోతుగా ఈ శతాబ్దంలో ఎవరూ రాయలేదట. పుస్తకం ప్రస్తావన చివర్లో ఒక్కసారి ఉంది, పేరు తప్పుగా.

నాకు ఒళ్లు మండింది. “మరి ఆ ఆరువందల పన్నెండు పేజీలు ఎందుకు రాసినట్టు మేడమ్?”

ఆవిడ కళ్లజోడు తుడుచుకుని, పుస్తకం పేరును మార్జిన్‌లో సరిచేస్తూ అన్నారు:

“చెయ్యి తిరగడానికండీ.”