పదిహేడో నంబరు నాణెం

భూమిలో దొరికే ప్రతి పాత నాణెమూ ప్రభుత్వానిదే. ప్రభుత్వం దాన్ని పాతిపెట్టలేదు, వెతకలేదు, పోయిందని ఎక్కడా ఫిర్యాదు కూడా చెయ్యలేదు. అయినా దానిదే. ఈ సూత్రాన్ని మనస్ఫూర్తిగా నమ్మిన ఏకైక పౌరుడు మా బాబాయి.

రిటైరైన మర్నాడే ఆయన మెటల్ డిటెక్టర్ ఒకటి కొన్నాడు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఊళ్లో ఖాళీ స్థలాలన్నీ జల్లెడ పట్టాడు. మేకులు, సీసా మూతలు, ఎవరిదో కళ్లజోడు కాడ దొరికాయి. "ఇంతకీ మన బీరువా తాళంచెవి దొరికిందా?" అని పిన్ని రోజూ అడిగేది. (దొరకలేదు. అది ఆవిడ కొంగుకే ఉంది.)

చివరికి ఒకనాడు కూలిపోయిన గోడ పక్కన మిషను కుయ్యోమంది. తవ్వితే గుర్రం బొమ్మ ఉన్న రాగి నాణెం! బాబాయి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఇంకొకళ్ల సంతకాల కింద స్టాంపు వేసిన మనిషి మరి. "ఒరేయ్, మ్యూజియం అద్దాల పెట్టెలో ఇది ఉండాలి. దీని కింద చీటీ మీద, కనుగొన్నవారు అని నా పేరుండాలి. మీ పిన్నికి చూపిస్తా. అంతకంటే నాకేం వద్దు" అన్నాడు. ఇద్దరం బయల్దేరాం.

మ్యూజియం గుమ్మంలో ఇంకో మెటల్ డిటెక్టర్ ఉంది. ఇది ప్రభుత్వానిది కాబట్టి కదలదు, మనమే దానిలోంచి నడవాలి. బాబాయి నడిచాడు. కుయ్!

"జేబులో ఏంటి పెద్దాయనా?" అన్నాడు గార్డు.

"పాత నాణెం బాబూ. ఇచ్చేద్దామని తెచ్చాను."

"లోహం లోపలికి పోకూడదండీ. ఇక్కడ పెట్టి టోకెన్ పట్టుకెళ్లండి."

"అయ్యో, అది ఇవ్వడానికేగా నేను వెళ్లేది!"

"వెళ్లండి, నేనొద్దన్నానా? ఆపుతున్నది దాన్నే."

నాణెం ప్లాస్టిక్ ట్రేలో పడింది. పదిహేడో నంబరు ఇత్తడి టోకెన్ బాబాయి చేతిలో పడింది. దానికీ గేటు కూసింది. "అది మన కూతేలెండి, పదండి" అన్నాడు గార్డు.

లోపల స్వీకరణాధికారిణి గారు, బాబాయి నోరు విప్పేలోగా, చేతిలోని టోకెన్‌ని పట్టకారుతో అందుకున్నారు.

"అది మీ గేటు టోకెనమ్మా..."

"చూడండి, నిబంధన ప్రకారం మనిషి చేతిలో ఉన్నదే మనిషి తెచ్చిన వస్తువు. చేతిలో లేనిది తెచ్చారని రాస్తే ఆడిటు వాళ్లు నన్ను బతకనిస్తారా?"

ఆవిడ చీటీ రాశారు. ఇత్తడి. అంచున రంధ్రం (మెడలో వేసుకునేవారు కాబోలు). కాలం: పదిహేడో శతాబ్దం. అంకె కనిపిస్తూనే ఉందిగా! కనుగొన్నవారు అనే చోట బాబాయి పేరు, ఇంటిపేరుతో సహా, ఒక్క తప్పు లేకుండా రాశారు. అది చూసి బాబాయి ఇంకేం మాట్లాడలేదు. (మీరైనా మాట్లాడరు.)

బయటికొస్తే గార్డు చెయ్యి చాపాడు.

"టోకెనేదండీ?"

"లోపల తీసేసుకున్నారు."

"మరి టోకెన్ లేకుండా నాణెం ఎలా ఇవ్వనండీ? తెచ్చి పట్టుకెళ్లండి. నా దగ్గర భద్రంగా ఉంటుంది."

టోకెన్లలో పదిహేడు లేకపోతే గార్డు ఉద్యోగానికే ఎసరు. పాపం, మా కళ్లముందే గుర్రం నాణెం మీద తెల్లరంగుతో 17 అని రాసి, మిగతా టోకెన్లలో కలిపేశాడు.

ఈ సంగతి విని ఉత్సాహపడిన మా వీధి దర్జీ, పెరట్లో దొరికిన తుప్పు బొత్తాం పట్టుకుని తనూ మ్యూజియానికి వెళ్లాడు. గేటు కూసింది. బొత్తాం ట్రేలో పడింది. ఆయనకి ఏ టోకెన్ ఇచ్చారో వేరే చెప్పక్కర్లేదు.

మొన్న పిన్నిని తీసుకెళ్లాం. అద్దం వెనక బాబాయి పేరు చూసి ఆవిడ మురిసిపోయింది. "నిజంగా మీ పేరేనండీ!" అంటూ కొంగుతో అద్దం తుడిచింది. బాబాయి మొహం వెలిగిపోయింది. తరవాత ఆవిడ పక్క పెట్టె దగ్గరికి జరిగింది. అందులో గుర్రం బొమ్మ రాగి నాణెం. అదీ పదిహేడో శతాబ్దమే. కనుగొన్నవారు, మా వీధి దర్జీ.

పిన్ని దాన్ని చూసింది, దీన్ని చూసింది, మళ్లీ దాన్ని చూసింది.

"ఏమాటకామాటే చెప్పుకోవాలండీ, నాణెమంటే ఇదీ! మీరూ ఆ దర్జీని అడిగి కాస్త వెతకడం నేర్చుకోరాదూ?"