లా కాలేజీకి ఇంకొక్క కాగితం

మంచినీళ్ళ ఆఫీసులో ఫిర్యాదుల కిటికీ వెనక కూర్చునే పెద్దమనిషిని మీరెరుగుదురో లేదో. ఊరంతా ఆయన్ని కొర్రీలాయన అంటారు. తల్లిదండ్రులు పెట్టిన పేరేదో ఉంది గానీ, అది జీతం తీసుకునే రోజున ఆయనకు తప్ప ఎవరికీ గుర్తురాదు. "మా వీధికి నీళ్ళు రావడం లేదు మొర్రో" అని మీరొక కాగితం పట్టుకెళ్తే, దాన్ని ఆయన అటు తిప్పి, ఇటు తిప్పి, వెలుతురుకి పెట్టి చూసి, "వీధి ఉన్నట్టు రుజువేదీ?" అంటాడు.

వీధి ఉన్నట్టు రుజువు తెస్తే, అందులో మీరున్నట్టు రుజువు. మీరున్నట్టు తెస్తే, మీకు దాహం వేస్తున్నట్టు రుజువు. మొదటిసారే పని జరిగిపోతే జనానికి ఆఫీసంటే భయభక్తులుండవని ఆయన సిద్ధాంతం.

అలాంటి మహానుభావుడు ఒక సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూనే మేనేజరు మీద ఆ రోజు కోటా తిట్లు అందుకోబోతుంటే, ఇల్లాలు కాఫీ చేతికిచ్చి అంది.

"ఏవండీ, నేను లా చదువుదామనుకుంటున్నాను."

కాఫీ పొలమారింది.

"ఏం చదువుతావూ?"

"లా. సాయంకాలం కాలేజీ. ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా."

"ఈ వయసులోనా!"

"డిగ్రీ కాగానే చదువుతానంటే, పెళ్ళయ్యాక చూద్దాం అన్నారు మా నాన్న. పెళ్ళయ్యాక అడిగితే, పిల్ల పుట్టాక చూద్దాం అన్నారు మీరు. పిల్ల పుట్టాక, దాన్ని బళ్ళో వేశాక చూద్దాం అన్నారు మీ అమ్మగారు. ఇప్పుడా పిల్ల ఉద్యోగంలో చేరి, ఫోను చేసి నువ్వు వేళకి తింటున్నావా అని నన్నే అడుగుతోంది. ఇంక చూడ్డానికేం మిగల్లేదండీ. పైగా వచ్చే ఏడాది నుంచి సాయంకాలం తరగతులు ఎత్తేస్తారట. ఇప్పుడు చేరకపోతే ఇక లేనట్టే."

"నీకు లా ఎందుకే? ఇంట్లో నువ్వు వాదించి ఓడిందెప్పుడు?"

"అదేగా. మీ మీద గెలిచి గెలిచి విసుగొచ్చింది."

కొర్రీలాయనకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ చదువుతానన్నందుకు కాదు. చదువుకోనీ, ఎవరొద్దన్నారు? కానీ ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకానా! ఆ వేళ ఆయనది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఊళ్ళోవాళ్ళ తిట్లన్నీ కిటికీలోంచి తిని, పైనుంచి మేనేజరు పెట్టే చీవాట్లు తిని, ఇంటికొచ్చి అదంతా ఆవిడ ముందు కక్కితే తప్ప ఆయనకు రాత్రి ముద్ద దిగదు. ఆవిడ బట్టలు మడతపెడుతూ "ఊఁ" అంటుంది. ఇరవై ఏళ్ళకు పైగా ఆ "ఊఁ" మీదే ఆయన బతుకు నిలబడి ఉంది. ఇప్పుడా "ఊఁ"ని తీసుకెళ్ళి ఎవరో ప్రొఫెసరుకి ధారపోస్తుందట! ఇదేనా న్యాయం? దీన్నేనా న్యాయశాస్త్రం అంటారు?

కాదంటే ఆవిడ దగ్గర ఆయన పప్పులుడకవు. ఔనంటే కొంప మునుగుతుంది. అయితే ఔననకుండా, కాదనకుండా అర్జీల ఉసురు తీయడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

"భేషుగ్గా చదువు. దరఖాస్తు సంగతి మాత్రం నాకొదిలెయ్. ఇలాంటివన్నీ నా చేతిమీదుగా నడిచేవే."

"మీరుండగా నాకేం భయం?" అంది ఆవిడ.

కాలేజీ వాళ్ళు అడిగింది ముచ్చటగా మూడు కాగితాలు. డిగ్రీ, వయసు రుజువు, చుట్టరికం లేని పెద్దమనిషి ఎవరైనా రాసిన సిఫారసు ఉత్తరం. కొర్రీలాయన ఆ కాగితం చదివి జాలిగా నవ్వాడు.

"మూడంటే మూడే అనుకునేవు. ఇవి పైకి కనబడేవి. లోపల ఇంకా ఉంటాయి. నీ డిగ్రీ మీద మీ పుట్టింటి పేరుంది. ఇప్పుడు నీది నా ఇంటిపేరు. ఆవిడా నువ్వూ ఒకరేనని రుజువేదీ?"

"ఆవిడెవరండీ? నేనేగా!"

"ఆ మాట నువ్వంటే చెల్లదు. ఎవరైనా ఆఫీసరు అనాలి."

ఆఫీసరు ఆ మాట అనడానికి ఆర్నెల్లు పడుతుందని ఆయన లెక్క. దరఖాస్తులకు గడువు నెల. ఆ రాత్రి ఆయన హాయిగా గురకపెట్టాడు. వారం తిరక్కుండానే ఆవిడ గుండ్రటి ముద్ర వేసిన కాగితం తెచ్చి బల్లమీద పెట్టింది.

"ఇచ్చేశారా!"

"ఇచ్చేశారు."

"అక్కడి గుమాస్తా ఏమీ అడగలేదూ?"

"ఎందుకడగడూ? ఇంకో కాగితం తెమ్మన్నాడు. ఏ రూలు కింద తెమ్మంటున్నారో రాసివ్వండి, తెస్తాను అన్నాను. కాసేపు నా మొహం చూసి ముద్ర వేసేశాడు."

కొర్రీలాయన గుండెల్లో రాయి పడింది. ఆ ప్రశ్న ఊళ్ళో అందరికీ తెలిసిపోతే తన ఉద్యోగం గతేం కాను? అయినా తేరుకుని రెండో అస్త్రం తీశాడు.

"ఇంతకు ముందు ఏ లా కాలేజీలోనూ చేరలేదని సర్టిఫికెట్టు కావాలి."

"చేరలేదని ఎవరిస్తారండీ?"

"నువ్వు చేరని కాలేజీలన్నీ ఇవ్వాలి."

ఊళ్ళో ఉన్న మిగతా లా కాలేజీలన్నిటి నుంచీ తెచ్చింది. తరవాత, లైబ్రరీకి పుస్తకాలు బాకీ లేదని రాయించుకు రమ్మన్నాడు. "నేనసలు ఆ లైబ్రరీలో మెంబర్నే కాను" అంటే, "కాదని వాళ్ళు చెప్పాలి" అన్నాడు. వాళ్ళూ చెప్పారు. చివరికి, రోజూ మూడేసి గంటలు కదలకుండా కూర్చుని వినగలదని డాక్టరు సర్టిఫికెట్టు తెమ్మన్నాడు. వీధి చివరి డాక్టరుగారు స్టెతస్కోపైనా తియ్యకుండా, "మీ ఆయన మాటలు ఇన్నేళ్ళుగా వింటున్నారు కదమ్మా, ఇంక పరీక్షలెందుకు?" అని సంతకం పెట్టేశారట.

కొర్రీలాయన కోపం పట్టలేకపోయాడు.

"ఏం ఆఫీసులివి! అడిగిందే తడవుగా ఇచ్చేయడమేనా? ఒక్కడికైనా బాధ్యత ఉందా? ఎంత దిగజారిపోయారు మా ఉద్యోగస్తులు!"

"నిజమేనండీ" అంది ఆవిడ, ఫైలుకు కొత్త ట్యాగు కడుతూ.

ఇక మిగిలింది సిఫారసు ఉత్తరం. కింది వాటాలో ఉండే ప్లీడరమ్మగారిని అడిగానని ఆవిడ చెప్పింది. అదే సందనుకున్నాడు ఆయన. ఇల్లాలు బజారుకెళ్ళిన సమయం చూసి మెట్లు దిగాడు.

ప్లీడరమ్మగారు ముప్పై ఏళ్ళు కోర్టులో అరిచి అరిచి, ఇప్పుడు చాలా మెల్లగా మాట్లాడే మనిషి. ఆయన్ని కూర్చోమని, ఎదురుగా కలమూ కాగితమూ పెట్టుకుంది.

"అమ్మా, మా ఆవిడకు మీరు ఉత్తరం ఇవ్వకూడదు" అన్నాడు.

"ఏం? మనిషి మంచిది కాదా?"

"మంచిదే. కానీ లాకి పనికిరాదు. మహా మొండి. ఒక మాట పట్టుకుందంటే తేలేదాకా వదలదు."

"అలాగా" అంటూ ఆవిడ ఏదో రాసుకుంది.

"నేను ఎప్పుడో పెళ్ళైన కొత్తలో అన్న మాట, అన్న రోజు, అప్పుడు నేను వేసుకున్న చొక్కాతో సహా చెబుతుంది. ఇదేమన్నా ఆడమనిషి లక్షణమా?"

"కాదు కాదు. చెప్పండి."

"ఎదుటివాడు పూర్తిగా మాట్లాడేదాకా నోరెత్తదు. వాడు మాట్లాడి మాట్లాడి, వాడి మాటలోనే వాడు చిక్కుకుంటాడు చూడండి, అప్పుడు ఒక్క ప్రశ్న వేస్తుంది. చచ్చామే!"

"ఎవరు చచ్చారు?"

"నేనేనండీ! ఇంకెవరు? పోనీ అబద్ధమైనా ఆడుతుందా అంటే అదీ లేదు. చుట్టాలొచ్చినప్పుడు నాకోసం చిన్న అబద్ధం చెప్పమంటే చెప్పదు. అబద్ధమాడలేని మనిషి ప్లీడరెలా అవుతుందండీ?"

ప్లీడరమ్మగారు కలం ఆపి కళ్ళజోడు మీదుగా చూసింది. ఆయన నాలుక కరుచుకున్నాడు.

"మీ సంగతి కాదనుకోండి" అన్నాడు.

"మీరు చాలా సాయం చేశారు" అంది ఆవిడ. ఆయన ఛాతీ విరుచుకుని మెట్లెక్కాడు.

ఇంటర్వ్యూ రోజున ఆయన సెలవు పెట్టి మరీ వెంట వెళ్ళాడు. పైకి తోడుగా. లోపల మాత్రం, సీటు రాలేదని ఆవిడ దిగులుగా బయటికొస్తే ఓదార్చడానికి పక్కనే ఉండాలని. ఓదార్పు మాటలు దారిలోనే తయారుచేసుకున్నాడు. వరండాలో బెంచీ మీద కూర్చుని వాటిని మనసులో వల్లెవేసుకుంటుంటే, ప్యూను వచ్చాడు.

"సారూ, లోపలికి రమ్మంటున్నారు."

"నేనెందుకు?"

"సాక్షి కావాలట."

లోపల ప్రిన్సిపాలూ, పక్కన రిటైరైన జడ్జిగారూ కూర్చుని ఉన్నారు. ఎదురుగా ఇల్లాలు. బల్లమీద ఆవిడ ఫైలు బొద్దుగా కూర్చుని ఉంది. మిగతావాళ్ళ ఫైళ్ళన్నీ కలిపినా దాని భుజానికి రావు.

జడ్జిగారు చెప్పారు. "మా దగ్గర రాత పరీక్ష లేదు. అభ్యర్థి ఎవరో ఒక సాక్షిని ప్రశ్నించి, అతనంతట అతను చెప్పని నిజం ఒకటి రాబట్టాలి. రోజూ మా ప్యూనే సాక్షి. వాడి దగ్గర నిజాలన్నీ అయిపోయాయి. బయట కూర్చున్నారు కదా అని మిమ్మల్ని పిలిచాం."

"అయ్యా, వీరు మావారు" అంది ఆవిడ.

"మరీ మంచిది. మొగుళ్ళ దగ్గర నిజం రాబట్టినవాళ్ళు కోర్టులో దేనికీ జంకరు. కానివ్వండమ్మా."

కొర్రీలాయన మీసం దువ్వుకుని నిలబడ్డాడు. ఎన్నివేలమందిని తిప్పి పంపిన మనిషి! ఈవిడెంత?

"మీరు చేసే ఉద్యోగం?"

"మంచినీళ్ళ ఆఫీసులో ఫిర్యాదుల విభాగం."

"మీ దగ్గరికొచ్చిన అర్జీ ఒక్కటైనా మొదటిసారే తీసుకున్నారా?"

"ఒక్కటి చూపించండి!" అన్నాడు గర్వంగా.

"మరి తిప్పి పంపినప్పుడల్లా తెమ్మనే కాగితాలు, అన్నీ అవసరమైనవేనా?"

"అంటే... అవసరమని కాదు. కొందరు విసిగి రావడం మానేస్తారు. కిటికీ దగ్గర రద్దీ తగ్గుతుంది."

జడ్జిగారు ముందుకు వంగారు. ఆవిడ ఫైలు తెరిచి, ఒక్కొక్క కాగితమే తీసి ఆయన ముందు పరిచింది.

"నేనూ నేనూ ఒకరేనని. నేను చేరని చోట చేరలేదని. నేను తీసుకోని పుస్తకం తిరిగివ్వక్కర్లేదని. వీటిని ఈ కాలేజీ అడగలేదు. ప్రిన్సిపాలు గారే ఆశ్చర్యపోతున్నారు. అడిగిందెవరు?"

కొర్రీలాయన పైకప్పు చూశాడు. కిటికీ చూశాడు. ఏ రూలు కింద అడుగుతున్నావని ఎదురు అడుగుదామనుకున్నాడు గానీ, ఆ ప్రశ్న ఆవిడ సొంతమని గుర్తొచ్చి ఊరుకున్నాడు.

"నేనే" అన్నాడు.

"నేను విసిగి మానేస్తాననా?"

"ఆఁ!"

"నేను చదువుకుంటే మీకేమిటి కష్టం?"

అంతే. నెల రోజులుగా అదిమిపెట్టిందంతా ఒక్కసారిగా బద్దలైంది.

"కష్టమా! రోజంతా ఎవడెవడో వచ్చి తిడతాడు! పైవాడు తిడతాడు! నీళ్ళు రాకపోతే నా తప్పా? నేనేమన్నా మబ్బునా? పడీ పడీ ఇంటికొస్తే నా గోడు వినే దిక్కు నువ్వొక్కదానివి! ఆరింటికి నువ్వు ఇక్కడికొస్తే, నేను తాళం కప్పతో చెప్పుకోవాలా? అడగడానికి సిగ్గేసింది! అందుకని కాగితాలడిగాను!"

జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనకూ భార్య ఉండి ఉంటుంది.

"ఈ మాట మొదటిరోజే చెప్పి ఉండొచ్చుగా?" అంది ఆవిడ, గొంతు తగ్గించి.

"చెబితే మానేసేదానివా?"

"మానేదాన్ని కాదు. కానీ వినేదాన్నిగా."

ప్రిన్సిపాలుకి మాత్రం ఒక సందేహం మిగిలింది. "అమ్మా, మూడే కాగితాలని మీకు తెలుసు కదా. ఇవన్నీ ఎందుకు తెచ్చారు?"

"మొదట్లో మావారు పెద్ద ఆఫీసులో చేసే మనిషి కదా అని తెచ్చాను. రెండోదానికే అర్థమైంది. కానీ ఆఫీసుల్లో మనుషుల చేత పని చేయించడం నేర్చుకోవాలంటే ఇంతకంటే మంచి అవకాశం దొరకదని, అడిగిందల్లా తెచ్చాను. ఇంకో పదిరోజులు గడువుంటే ఇంకో నాలుగు అడిగేవారే."

జడ్జిగారు ప్లీడరమ్మగారి ఉత్తరం పైకి చదివారు. మొండి అన్న చోట పట్టుదల అనీ, చొక్కాతో సహా అన్న చోట జ్ఞాపకశక్తి అనీ ఉంది. మిగతాదంతా కొర్రీలాయన చెప్పింది చెప్పినట్టే. అడుగున ఒక వాక్యం: "పై విషయాలకు అభ్యర్థి భర్తే సాక్షి. ఆయన స్వయంగా వచ్చి, చెప్పి, బాధపడి వెళ్ళారు."

సీటు వచ్చింది. ఓదార్పు మాటలు వృథా అయ్యాయి.

మొదటి రోజు తరగతికి ఆయన్నీ వెంట రమ్మంది ఆవిడ. ఎందుకంటే చెప్పలేదు. తీరా వెళ్ళాక తెలిసింది. కాలేజీలో విద్యార్థుల అభ్యాసం కోసం వారానికొక బాధితుణ్ణి కూర్చోబెట్టి, అతని గోడు వింటారట. ఈ వారానికి ఆవిడ ఈయన పేరు ఇచ్చింది.

"ఇంట్లో నేనొక్కదాన్నే వినేదాన్ని. ఇక్కడ గదినిండా ఉన్నారు. చెప్పుకోండి" అంది.

కొర్రీలాయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. గొంతు సవరించుకుని, మేనేజరుతో మొదలుపెట్టాడో లేదో, ముందువరసలో కుర్రది ఒకతి చెయ్యెత్తింది.

"ఆయన మిమ్మల్ని తిట్టినట్టు సాక్ష్యం ఉందా అండీ?"

"నేను చెబుతున్నానుగా!"

"మీరంటే చెల్లదండీ. ఇంకెవరైనా విన్నారా? రాతపూర్వకంగా ఏమైనా ఉందా?" అన్నాడు వెనకవరస బట్టతలాయన. ఇంకొకడు మేనేజరు మేనేజరేనని రుజువు తెమ్మన్నాడు.

ఇంటికి నడిచి వెళ్ళే దారంతా ఆయన అగ్గిమీద గుగ్గిలమే. "ఏం మనుషులే వీళ్ళు! కష్టం చెప్పుకుంటుంటే కాగితాలడుగుతారా? నేనేమన్నా బిచ్చానికొచ్చానా? ఎదుటివాడి బాధ బాధ కాదూ?" అంటూ రెండు వీధుల అవతలికి వినబడేలా మొత్తుకున్నాడు. పుస్తకాల సంచీ భుజానేసుకుని ఆవిడ పక్కనే నడుస్తూ, ప్రతి మాటకీ "ఊఁ" అంది.

చెప్పాల్సింది ఇంకా సగమే అయింది, ఇల్లొచ్చేసింది. ఆవిడ తాళం తీసి, దీపం వేసి, బల్ల ముందు కూర్చుని పుస్తకం తెరిచింది.

"అసలు ఆ బట్టతలాయన ఉన్నాడే..." అని ఆయన కుర్చీ లాక్కోబోయాడు.

ఆవిడ తలెత్తకుండానే పేజీ తిప్పింది.

"ఈపూటకి అయిపోయిందండీ. రేపు రండి."