పసుపు బొట్టు వెనక ఫ్యాన్

ఇంట్లో బిగించుకున్న కంప్యూటర్ ఎందుకు ఆగిపోతోందో తేల్చే అధికారం దాన్ని బిగించిన మనిషికి ఉండదు. కాలిఫోర్నియాలోని మా శాన్ రామన్‌లో ఆ అధికారం వీధిలోని పెద్దలకు దఖలు పడి ఉంది. (ఎవరు దఖలు పరిచారని అడగకండి. అడిగితే దానికీ ఒక కమిటీ వేస్తారు.)

మా వీధిలో దాని పేరు క్రాష్ నిర్ధారణ సంఘం. అధ్యక్షుడు ప్రాసెసర్లు చేసే కంపెనీలో పనిచేసే శ్యామ్‌సుందర్. సభ్యులు ఇద్దరు: మెమరీ కంపెనీలో పనిచేసే ఆమోసు గారు, గ్రాఫిక్స్ కంపెనీలో పనిచేసే నరహరి. కార్యదర్శిని నేను. నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అంటే సంఘంలో నాకు కుర్చీ ఉంటుంది, మాట ఉండదు.

కేసు అధ్యక్షుడి ఇంట్లోనే పుట్టింది. శ్యామ్‌సుందర్ కూతురు తార హైస్కూల్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. వేసవిలో ఐస్‌క్రీమ్ షాపులో పనిచేసి, పార్టులు కొనుక్కుని, ఎవరి సాయమూ లేకుండా కంప్యూటర్ బిగించింది. బిగించిన రోజే తల్లి రాధారాణి గారు దానికి పూజ చేశారు. కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టే జాతి మనది, కంప్యూటర్‌ని ఊరికే వదులుతామా? కంప్యూటర్ పెట్టెకి పక్కనుండే అద్దం తలుపుకి అరచేతి మందాన పసుపు పూసి, నడిమధ్య కుంకుమ బొట్టు పెట్టారు. ఆశీస్సులు లోపలికి కూడా అందాలని తలుపు తీయించి అందరిచేతా అక్షింతలు వేయించారు. నెయ్యి కలిపినవి, అతుక్కునే రకం. (ఆమోసు గారు వేయలేదు, కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. ఈ కేసులో నిర్దోషి ఆయనొక్కరే.)

తార దాని మీద ఒక బుల్లి యానిమేషన్ సినిమా తీస్తోంది. నూనె మూకుడు లోంచి తప్పించుకుని ఆకాశంలోకి ఎగిరిపోయే అప్పడం కథ. ఆదివారం సాయంత్రానికి సినిమా పూర్తయితే యానిమేషన్ కాలేజీకి అప్లై చేసుకోవచ్చు, కాకపోతే నోరు మూసుకుని కంప్యూటర్ సైన్స్ చదవాలి అని తండ్రీకూతుళ్ళ ఒప్పందం. తీరా బొమ్మలన్నీ కలిపి సినిమాగా మార్చే పని మొదలుపెట్టగానే కంప్యూటర్ కాసేపు కష్టపడి టప్పున ఆగిపోయేది. మామూలు పనులకు బుద్ధిగానే ఉంటుంది, పని ఎక్కువైతేనే పడిపోతుంది. (ఈ లక్షణం ఉన్నవాళ్ళు మా ఆఫీసులో మేనేజర్లయ్యారు.)

సంఘం రంగంలోకి దిగింది. మాకు ఒకటే సూత్రం: లోపం ఎప్పుడూ మన కంపెనీ చేయని పార్టులోనే ఉంటుంది. నరహరి చూడగానే మెమరీ అన్నాడు. మెమరీ అలాంటి పిల్ల కాదనీ, గ్రాఫిక్స్ కార్డు నడవడిక మీద తనకు మొదట్నుంచీ అనుమానమేననీ ఆమోసు గారు మర్యాదగా చెప్పారు. శ్యామ్‌సుందర్ ఇద్దరితోనూ ఏకీభవించాడు. మెమరీ మార్చాం, ఆగిపోయింది. కార్డు మార్చాం, ఆగిపోయింది. విండోస్ మొత్తం తీసేసి మళ్ళీ వేశాం, ఇంకా శుభ్రంగా ఆగిపోయింది. మార్చిన ప్రతిసారీ తలుపు మూసేముందు రాధారాణి గారు ఆమోసు గారు తప్ప మిగతా అందరిచేతా మళ్ళీ తలా ఒక గుప్పెడు అక్షింతలు వేయించారు. లోపల రాలిన గింజలు మాకు కనిపిస్తూనే ఉండేవి. మంగళకరమైనవి కదా, తీయకూడదని ఊరుకున్నాం.

ప్రాసెసర్ మాట ఎత్తబోతే శ్యామ్‌సుందర్ నా కప్పులో ఇంకాస్త కాఫీ పోయించాడు. ఫ్యాన్ల పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఫ్యాన్ల కంపెనీలో మనవాళ్ళెవరూ లేరు. తిడితే ఎవరికీ తగలనప్పుడు తిట్టి ఏం లాభం? (ఆన్ చేయగానే ఫ్యాన్ గురించి ఏదో హెచ్చరిక వచ్చేది. పనికి అడ్డమని నరహరి మొదటి రోజే దాన్ని ఆపేశాడు.)

శ్యామ్‌సుందర్ ఒక భద్రతా నియమం కూడా పెట్టాడు. కరెంటు తీశాకే తలుపు తెరవాలి, తలుపు మూశాకే కరెంటు ఇవ్వాలి. కాబట్టి అది నడిచేటప్పుడు లోపల ఏం జరుగుతోందో చూడాలంటే అద్దంలోంచే చూడాలి. అద్దం నిండా పసుపు.

ఆదివారం మధ్యాహ్నం తార వచ్చి అడిగింది.

"డాడీ, ఈ ఎల్లో క్లీన్ చేయొచ్చా? రన్ అయ్యేటప్పుడు నాకు లోపల ఏం కనిపించట్లేదు."

తండ్రి నోరు తెరిచేలోపే తల్లి అందుకున్నారు.

"పెట్టిన బొట్టు ఎవరైనా తుడుస్తారటే?"

ముగ్గురు హార్డ్‌వేర్ ఇంజనీర్లూ బొట్టు వైపే ఓటు వేశారు. పవర్ సప్లై కూడా మార్చి చూద్దామని ఒకే కారులో షాపుకి బయల్దేరారు. రాధారాణి గారు పకోడీల పిండి కలపడానికి వెళ్ళారు. తార ఒక టిష్యూ తీసుకుని నా వైపు చూసింది. నేను సీలింగ్ వైపు చూశాను.

అద్దం తుడిచి ఆన్ చేసింది. రంగురంగుల లైట్లు వెలిగాయి, ఫ్యాన్లన్నీ తిరిగాయి, ప్రాసెసర్ మీద ఫ్యాన్ తప్ప. ప్రాసెసర్‌ని చల్లబరచాల్సిన ఆ ఫ్యాన్ కదలడం లేదు, పని ఎక్కువైతే వేడెక్కి పడిపోక ఏం చేస్తుంది? రెక్కకీ చట్రానికీ మధ్య ఒక పచ్చటి బియ్యపు గింజ ఇరుక్కుంది, దాని వెనకే చుట్టపక్కాలు. తార కరెంటు తీసేసి, కనుబొమల ట్వీజర్‌తో అన్నిటినీ ఏరి తీసింది. నాకు ఆ పిల్ల ఎంత ముద్దొచ్చిందో చెప్పలేను. సంఘం మినిట్స్‌లో అలాంటివి రాయకూడదు కాబట్టి రాయలేదు.

వాళ్ళు పవర్ సప్లైతో తిరిగొచ్చేసరికి అప్పడం ఆకాశంలో ఉంది.

సంఘం వెంటనే సమావేశమైంది. తప్పు ఆశీర్వచనానిది కాదనీ, సోనా మసూరిదనీ మొదటి తీర్మానం. బాస్మతి అయితే పొడుగ్గా ఉంటుంది, ఆ సందులో దూరేది కాదు. ఇకమీదట అదే వాడాలి. రెండో తీర్మానం శ్యామ్‌సుందర్ ప్రవేశపెట్టాడు.

"చూశారా దీని బ్రెయిన్? ఇంత బాగా డీబగ్ చేసే పిల్ల యానిమేషన్‌లో వేస్ట్ అయిపోతుంది. కంప్యూటర్ సైన్సే కరెక్ట్."

ఏకగ్రీవం. కంప్యూటర్ ఆగిపోయినా కంప్యూటర్ సైన్సే, నడిచినా కంప్యూటర్ సైన్సే. మా సంఘం ఇంతకాలంలో తయారుచేసిన వాటిలో క్రాష్ కానిది ఆ ఒక్క తీర్మానమే.

తార పకోడీ తింటూ నిదానంగా చెప్పింది.

"నేను సబ్మిట్ చేసేశాను డాడీ. యానిమేషన్‌కి. డీల్ అదే కదా."

దాంతో సంఘం ముందుకు కొత్త కేసు వచ్చింది. ఇంజనీర్ల ఇంట్లో తయారైన పిల్ల ఇలా ఎందుకు పనిచేస్తోందో తేల్చాలి. విచారణ సాగుతోంది. సూత్రం ప్రకారం, శ్యామ్‌సుందర్ అనుమానం తల్లి తరఫు పార్టుల మీద ఉంది.