తిత్తిగారి సహాయకుడు

ఎడమ మూత్రపిండం నెత్తిన ఉండే అడ్రినల్ గ్రంథి మీద తొమ్మిది సెంటీమీటర్ల నీటితిత్తి బయటపడిన మర్నాడు, ఆసుపత్రి రిజిస్టరులో తిత్తిని రోగిగానూ, బస్ డిపో గుమాస్తా కోటిలింగాన్ని దాని సహాయకుడిగానూ రాసుకున్నారు. ఇందులో ఎవరికీ అన్యాయం జరగలేదు. అడ్రినల్ తిత్తులు అరుదు. నడుము నొప్పంటూ వచ్చే గుమాస్తాలు రోజుకు నలభైమంది.

మంచం తిత్తి పేరున వచ్చింది. అది కోటిలింగం లోపల ఉంది కాబట్టి అతన్ని కూడా ఓ వారగా పడుకోనిచ్చి, మెడలో సహాయకుడి పాసు వేశారు. స్కాను తీశారు. హార్మోన్లు చూడాలని రక్తం తీసి, ఇరవైనాలుగు గంటల మూత్రం డబ్బాలో పట్టమన్నారు. పట్టడం మాత్రం సహాయకుడి పనే.

ప్రొఫెసరు గారు ఇరవైమంది విద్యార్థులను వెంటేసుకొచ్చి, అతని పక్కటెముకల కింద చెయ్యి వేసి, "ఎంత చక్కగా ఉందో చూశారా?" అనేవారు. పాతికేళ్ళ ఉద్యోగంలో కోటిలింగాన్ని ఎవరూ అంతసేపు చూడలేదు. అతనికి కడుపు మండిపోయింది.

"సార్, నాకు పొద్దుట్నించీ ఒకటే నొప్పండీ."

"పేషెంటును చూస్తున్నాం కదయ్యా. మధ్యలో నువ్వెందుకు?"

భార్య భాగ్యవతి కూడా రాగానే, "దానికెలా ఉంది?" అని అడిగేది.

"నాకెలా ఉందో అడగవేం?"

"మీకేంటండీ, దుక్కలా ఉన్నారు. పాపం, ఎల్లుండి ఆపరేషను దానికి కదా."

పాపం అన్న మాట పెళ్ళయ్యాక ఆమె నోట అతను వినలేదు. తిత్తి మీద పట్టరానంత అసూయ పుట్టింది. అది పోతే మంచమూ, రిజిస్టరులో పేరూ, ఎలా ఉందన్న ఆ ఒక్క ప్రశ్నా తనకే దక్కుతాయని లెక్కవేసుకున్నాడు. ఆపరేషను కాగితాల మీద చదవకుండానే సంతకం పెట్టేశాడు.

ఆపరేషను బాగా జరిగింది. పొట్టకు నాలుగు చిన్న కన్నాలు పెట్టి, కెమెరాలో చూస్తూ, గ్రంథికి దెబ్బ తగలకుండా తిత్తిని వొలిచి బయటకు తీశారు. రోగి క్షేమమని ప్రకటించారు. భాగ్యవతి గాజు సీసా దగ్గర నిలబడి దణ్ణం పెట్టుకుంది. సీసాను కాలేజీ మ్యూజియానికి మార్చి, మంచం ఖాళీ చేయించారు. రోగి లేని సహాయకుడు వార్డులో ఉండకూడదన్నది పాత నిబంధనే.

వారానికి కుట్లు సలపరం పెడుతుంటే కోటిలింగం మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాడు.

"మీ పేషెంటు మ్యూజియంలో కులాసాగా ఉంది. సహాయకులు బయట కూర్చోవాలండీ," అంది సిస్టరు.

బయట బెంచీ నిండా జనం, మెడలో పాసులతో, ఎవరి కుట్లు వాళ్ళు పట్టుకుని కూర్చున్నారు. ఓ పెద్దాయన జరిగి చోటిచ్చాడు.

"మీ పేషెంటేంటండీ?"

"అడ్రినల్ తిత్తండీ. తొమ్మిది సెంటీమీటర్లు."

పెద్దాయన మొహం మాడిపోయింది. "మాది వట్టి పిత్తాశయం రాయి. విద్యార్థి ఒక్కడూ తొంగి చూడలేదు."

ఆ వారం మొత్తంలో కోటిలింగానికి అప్పుడే ప్రాణం లేచొచ్చింది.

"తొమ్మిదని వాళ్ళు రాసుకున్నారు గానీ," అన్నాడు కుట్లు అదిమిపట్టుకుని, "పదకొండుంటుందండీ."