గుమ్మం దాకా రాని మిరపదండలు

ఆ శనివారం పొద్దున గౌరికి మిగిలిన పని ఒక్కటే: వీధి గుమ్మానికి రెండు పక్కలా మిరపదండలు వేలాడదీయడం. అదీ అయిపోతే అమెరికాలోని బెంటన్‌విల్‌లోని వాళ్ల ఇంటి ముందుగది పూర్తిగా ఎడారి ఇల్లయిపోయినట్టే. వేసవి సెలవుల్లో న్యూమెక్సికో వెళ్లి అక్కడి మట్టి ఇళ్లు చూసి వచ్చినప్పటి నుంచి ఆమెకు మరో ధ్యాస లేదు. గోడలకు తనే ఎర్రమట్టి రంగు పూసింది. గూళ్లలో చేత్తో చేసిన కుండలు పెట్టింది. సోఫాల మీద చారల దుప్పట్లు పరిచింది. అక్కడివాళ్లు గుమ్మాలకు ఎండుమిరపకాయల దండలు కట్టుకుంటారు కదా అని, పెట్టెల కొద్దీ గుంటూరు మిరపకాయలు తెప్పించి, వేళ్లు మండిపోతున్నా కూర్చుని గుచ్చింది. పురుగు పట్టకుండా, నిగనిగలాడేలా వాటికి వార్నిష్ కొట్టే పని మాత్రం భర్త భానుప్రకాష్‌కి అప్పగించింది. అతను గరాజ్‌లో కాసేపు ఉండి వచ్చి "డన్" అన్నాడు. వాసన పోవాలంటూ తనే వాటిని ఇంటి వెనక చెక్క అరుగులాంటి డెక్ మీద ఆరేశాడు కూడా.

గౌరి మేకులూ సుత్తీ పట్టుకుని డెక్ మీదికి వెళ్లింది. రెయిలింగ్‌కి ఉత్త తాళ్లు వేలాడుతున్నాయి.

"అమ్మా, ఇక్కడ మిరపకాయలుండాలి, ఏవీ?"

తల్లి వసంతలక్ష్మి గుంటూరు నుంచి వచ్చి రెండు నెలలైంది. ఇక్కడి కారానికి రంగే తప్ప ఘాటు లేదని వచ్చిన రోజు నుంచీ ఆమెకు బెంగ. కాఫీ గ్లాసు పట్టుకుని తీరిగ్గా వచ్చింది.

"ఎండినవి ఎండినట్టు వదిలేస్తే మంచుకి మెత్తబడిపోవూ? నిన్న నువ్వు ఆఫీస్‌కి వెళ్లాక తొడిమలు తీసి, వేయించి, మిక్సీ పట్టేశాను. ఏం రంగొచ్చిందనుకున్నావే. రాత్రి గుత్తివంకాయలో వేసింది అదే."

గుత్తివంకాయ ఎంత బాగుందో గౌరికి గుర్తొచ్చింది. భాను మళ్లీ మళ్లీ వడ్డించుకున్న సంగతీ గుర్తొచ్చింది.

"అమ్మా, వాటికి వార్నిష్ కొట్టాం. కుర్చీలకీ తలుపులకీ కొట్టే వార్నిష్."

"తినేవాటికి వార్నిష్ ఎవరైనా కొడతారుటే?"

"అవి తినడానికి కాదు, గుమ్మానికి కట్టడానికి."

"గుమ్మానికి మామిడాకులు కడతారు గానీ..." అంటూ మొదలుపెట్టి వసంతలక్ష్మి ఆగిపోయింది. గ్లాసు కింద పెట్టేసింది. "నిన్న సాయంత్రం రాధారాణి వస్తే ఓ సీసా ఇచ్చానే."

గౌరి గరాజ్‌లోకి పరిగెత్తి వార్నిష్ డబ్బా వెతికి పట్టుకుంది. మింగితే ప్రమాదమని దాని మీద ఎర్రటి అక్షరాలతో రాసి ఉంది. భానుకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆఫీసులో ఏదో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందని పొద్దున్నే వెళ్లాడు. రెండు వీధుల అవతల ఉండే రాధారాణికి చేసింది.

"నేనింకా దాన్ని వాడలేదు గౌరీ," అంది రాధారాణి. గౌరికి ప్రాణం లేచొచ్చింది. "నిన్న రాత్రి మా పక్కింటి కిరణ్‌కుమార్ వచ్చి మంచి కారం ఉందా అక్కా అంటే సీసా మొత్తం ఇచ్చేశా. ఇవాళ పార్కులో జరిగే వాళ్ల ఆఫీస్ పిక్నిక్‌లో చిల్లీ కాంపిటీషనట."

చిల్లీ అంటే బీన్సూ టమాటాలూ వేసి, దండిగా కారం దట్టించి ఉడకబెట్టే వంటకం. దాన్ని గంగాళంలాంటి గిన్నెలో వండి పిక్నిక్‌కి వచ్చినవాళ్లందరికీ పోస్తారు. కిరణ్‌కుమార్ కూడా ఫోన్ ఎత్తలేదు. అతని చేతుల్లో గరిటె ఉండి ఉంటుంది.

గౌరి డబ్బా పట్టుకుని కార్ తీసింది. వద్దన్నా వినకుండా వసంతలక్ష్మి పక్కన కూర్చుంది. సగం దూరం పోయాక మెల్లగా అడిగింది.

"పోలీసుల్ని పిలుస్తారంటావా?"

"ముందు వాళ్లని బతకనీ అమ్మా."

"చంటిపిల్లలు కూడా ఉంటారేమో," అంది వసంతలక్ష్మి. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది.

పార్కులో వరసగా గుడారాలు వేశారు. అన్నిటికంటే పొడుగాటి క్యూ కిరణ్‌కుమార్ గిన్నె ముందే ఉంది. పెద్ద టోపీ పెట్టుకున్న జడ్జి ఒకాయన అక్కడ నిలబడి తింటున్నాడు. ముఖం కందగడ్డలా ఉంది. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. అయినా చెంచా ఆపడం లేదు. అది గుంటూరు ఘాటని వసంతలక్ష్మికి తెలుసు. గౌరికి మాత్రం అది విషంలాగే కనిపించింది. అందులో వార్నిష్ కలిసింది, ఎవరూ తినకండి అని ఇంగ్లిష్‌లో అరుస్తూ జనంలోకి దూసుకుపోయింది.

క్యూలోని వాళ్లంతా గిన్నెలు పట్టుకుని ఆమె వైపు తిరిగారు.

"గౌరి గారూ, ఫైనల్స్‌లో ఉన్నానండీ," అన్నాడు కిరణ్‌కుమార్ నీరసంగా.

ఆ తర్వాత ఎవరు ఏం చేస్తున్నారో ఎవరికీ తెలియలేదు. తల్లులు పిల్లల నాలుకలు తుడిచారు. జడ్జి టోపీ తీసి బెంచీ మీద కూలబడ్డాడు. ఇద్దరు గడ్డి మీద వెల్లకిలా పడుకున్నారు. వాళ్లు తిన్నది పక్క గుడారంలోదని తర్వాత తెలిసింది. ఎవరో అంబులెన్స్‌కి ఫోన్ చేయబోతుంటే, పిక్నిక్‌లో డ్యూటీ మీదున్న నర్సు వచ్చి డబ్బా అడిగింది. తిప్పి చూసింది. మూత తీయబోయింది. రాలేదు. మూత చుట్టూ ప్లాస్టిక్ సీల్ చెక్కుచెదరకుండా ఉంది. కొత్త డబ్బాతో దేనికి వార్నిష్ కొట్టారని అడిగింది.

గౌరి ఫోన్ మోగింది. భానుప్రకాష్.

"ఇన్ని మిస్డ్ కాల్స్ ఏంటి? మీటింగ్‌లో ఉన్నాను."

"భానూ, మిరపకాయలకి వార్నిష్ కొట్టావా, లేదా?"

భానుప్రకాష్ గొంతు తగ్గించాడు.

"అంటే... ఆ రోజు మ్యాచ్ వస్తోంది. ఆ డబ్బా చూస్తే రెండు పూతలు వేయాలి, మధ్యలో ఆరాలి అని రాసుంది. మెరిస్తే చాలు కదా అని పెనం మీద కొట్టే నూనె స్ప్రే కొట్టేశా. సారీ గౌరీ. రేపు తప్పకుండా..."

గౌరి కాల్ ఆపకుండానే ఫోన్ దించి నర్సుకి సంగతి చెప్పింది. జడ్జి పక్కనే బెంచీ మీద కూర్చుండిపోయింది. నర్సు ఆ విషయం అందరికీ గట్టిగా చెప్పింది. గడ్డి మీదివాళ్లు బట్టలు దులుపుకుని లేచారు. జడ్జి కళ్లు తుడుచుకుని ఖాళీ గిన్నె పట్టుకుని మళ్లీ కిరణ్‌కుమార్ దగ్గరికి నడిచాడు.

"నూనె తగిలితే కారం ఎర్రగా ఉంటుంది," అంది వసంతలక్ష్మి ఊపిరి పీల్చుకుని. "అల్లుడుగారికి ఆ మాత్రం తెలుసు."

చెప్పిన పని చెయ్యకపోగా అబద్ధం కూడా ఆడినందుకు భర్తను నాలుగు దులపాలని గౌరి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. నోరు తెరిస్తే ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి, వాటి వెనకాలే "థాంక్స్ భానూ" అన్న మాట వచ్చింది.

అవతల భానుప్రకాష్‌కి అసలు భయం అప్పుడే మొదలైంది.